సుంకమ్మ పంపిన పెన్నేరు గడ్డ

సుంకమ్మకు తిట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. మబ్బు కనిపించి పోతే మబ్బును తిడుతుంది. దారిన పోయే నన్ను చూస్తే, ముప్పై ఏళ్లు పిల్లోళ్లకు ఏం చెప్పి చచ్చినావు అయివారూ అని నన్ను తిడుతుంది. గార్లదిన్నె దగ్గర ఈ ఊళ్లో బడిపంతులుగా పనిచేసి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్న పాపానికి ఆ తిట్లు నాకు అలవాటే. ఆమె తిట్టకుండా ఊరుకున్న రోజు ఒకటుంది. ఆ రోజే నాకు భయం వేసింది.

ఆమెకున్నది మూడెకరాల ఎర్రనేల. మొగుడు బాలప్ప పోయినాక సేద్యమంతా ఆమెదే. ఏటా శెనక్కాయ వేయడం, ఏటా వాన మొహం చాటేయడం. అలాంటప్పుడు ఊళ్లోకి వేర్ల మందుల కంపెనీ ఒకటి దిగింది. దాని పేరు రాయను. రాస్తే పెన్ను కడుక్కోవాలి. దాని తరఫున వచ్చినవాడు జయచంద్ర. నలగని ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు.

"పెన్నేరు గడ్డ వేయండి. నీళ్లు ఎక్కువ అడగదు, మేకలు ముట్టవు. మా ల్యాబులో వేర్ల సారం తీసి పరీక్ష చేసి, సత్తువ ఎంతుందో కాగితం ఇస్తాం. మంచి ధరకు మేమే కొంటాం" అన్నాడు. సీసాల మీద అశ్వగంధ అని రాసి అమ్మేదాన్నే మా వైపు పెన్నేరు గడ్డ అంటారు.

సుంకమ్మ పకపకా నవ్వింది. "బాలింతలకు మా యమ్మ పాలల్లో కాచి పోసేది దీన్నే గదప్పా. దీంట్లో సత్తువ ఉండాదని చెప్పేకి మిషను గావల్నా?"

"శాస్త్రం అవ్వా, శాస్త్రం" అన్నాడు జయచంద్ర, అది తన మామగారి ఆస్తి అయినట్టు.

శాస్త్రమంటే నాకు గౌరవమే. ముప్పై ఏళ్లు ఆ పాఠమే చెప్పాను. దాని పేరు చెప్పుకొని ఊళ్లమీద పడి తిరిగేవాళ్లను చూస్తేనే కడుపు మండుతుంది.

పంట బాగా వచ్చింది. ఎర్రపండ్లు పండగానే సుంకమ్మ వేర్లు తవ్వి, కడిగి, కోసి, ఆరబెట్టి పదకొండు మూటలు కట్టింది. అవి ఇంట్లో పెట్టి తాను అరుగు మీద పడుకుంది. కంపెనీ ఇచ్చిన కవర్లో పిడికెడు వేర్లు పోసి, అంటించి, పైన సరుకు పేరు, రైతు పేరు రాసివ్వాలి. ఆ రాత పని నాది. నెల తర్వాత కాగితాలొచ్చాయి. సుంకమ్మది సత్తువ తక్కువ, మూడో రకం. పక్క చేను హనుమంతప్పదీ అంతే. పంట వేసిన ఏడుగురిదీ అంతే.

"అయినా మీ కష్టం చూసి సగం ధరకు ఎత్తుకుంటాం" అన్నాడు ఆ దయామయుడు.

ఏడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. చుక్క తర్వాతి అంకె కూడా తేడా లేదు. ఏడు చేలకూ ఒకే అంకె! నా తరగతిలో ఎవడైనా ఇలా రాసుంటే చూచిరాత అని చెవి మెలిపెట్టేవాణ్ణి. సంగతి సుంకమ్మకు చెప్పాను. ఆమె తిట్టలేదు. ఊరికే లేచి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఒళ్లో ఏదో కట్టుకొని వచ్చింది. విప్పితే, పెన్నేటి ఒడ్డున ఎండి బీటలు వారిన బంకమట్టి గడ్డలు. వాటిని చిదిపి, మిగిలిన కంపెనీ కవర్లో పోసి అంటించింది.

"రాయి అయివారూ."

"ఏమని?"

"పెన్నేరు గడ్డ అని. పెన్నేట్లో గడ్డలే గదా? నేనేమన్నా అబద్ధం చెప్తాండానా?"

ముప్పై ఏళ్లు తెలుగు కూడా చెప్పినవాణ్ణి. ఆ మాటలో తప్పు పట్టలేక రాసిచ్చాను. తర్వాత జయచంద్రకు ఆమె పంపిన కబురు మాత్రం పచ్చి అబద్ధం. కదిరి వ్యాపారి రామలింగయ్య తన మూటలు చూడ్డానికి వస్తున్నాడని, కంపెనీ మళ్లీ పరీక్ష చేస్తే సరి, లేకుంటే ఆయనకే ఇచ్చేస్తానని. జయచంద్ర పరుగున వచ్చి కవరు తీసుకుపోయాడు. లోపలేముందో విప్పి చూసే ఓపిక ఆ శాస్త్రజ్ఞుడికి లేకపోయింది.

పది రోజులకు తిరిగొచ్చి, పాల కేంద్రం ముందు అందరూ వింటుండగా కాగితం చదివాడు. "సత్తువ అత్యుత్తమం. మొదటి రకం. బాలింతలకు, నిద్ర పట్టనివాళ్లకు మేలు చేయును." చదివి మడిచి, "అవ్వా, నీ మూటలన్నీ పూర్తి ధరకు ఇప్పుడే ఎత్తుకుంటాం. లారీ వస్తోంది" అని కాగితం ఆమె చేతికిచ్చాడు.

నేను సుంకమ్మనే చూస్తున్నాను. నోరు మూసుకుంటే చాలు, ఏడాది కష్టం గట్టెక్కుతుంది. పైగా ఆమె గడ్డ నిజంగానే మొదటి రకం. నేనైతే మూసుకునేవాణ్ణి, దాచడమెందుకు? హనుమంతప్ప మాత్రం తల వంచుకొని నిలబడ్డాడు. అతని మూటలకు మూడో రకం ముద్ర అలాగే ఉంది.

సుంకమ్మ పక్కనే ఉన్న తన ఇంట్లోకి పోయి గ్లాసుతో పాలు తెచ్చింది. "తాగు సార్. నీ పరీక్షలో గెల్చిన గడ్డే. మిగిలింది దీంట్లో కలిపినా."

అతను నవ్వుతూ ఎత్తి, మూతి దగ్గర ఆగిపోయాడు. మట్టి వాసన. "ఏమవ్వా ఇది?"

"పెన్నేరు గడ్డ. ఏటి ఒడ్డున తవ్వినా. కవర్లో మోసుకపోయినావే, అదే."

పాల కేంద్రం దగ్గర నవ్వు మొదలైంది. జయచంద్ర మొహం మాడింది. అయినా గొంతు తగ్గించి, "గమ్మునుండవ్వా, నీ మూటలు తీసుకుంటానంటాండా గదా" అన్నాడు. తగ్గించిన గొంతే అందరికీ వినబడింది.

"మట్టికొచ్చిన మార్కులు నా గడ్డకు తగిలిస్తావా? నా గడ్డ ఏం పాపం చేసింది సార్? ఈ ఏడు మందివీ విప్పి చూసి చెప్పు. ల్యాకుంటే ఆ లారీని వచ్చిన దావనే పొమ్మను."

లారీ ఖాళీగా వచ్చి ఖాళీగా పోయింది.

ఏడుగురి మూటలూ మూడు నెలలు ఇళ్లలోనే ఉన్నాయి. ఆ మూడు నెలలూ సుంకమ్మ కూలికి పోయింది. నీ రోషం నిన్ను ముంచిందని అన్నవాళ్లూ ఉన్నారు. చివరికి ఈ కథ ఎలా చేరిందో గానీ, కదిరి రామలింగయ్య నిజంగానే వచ్చాడు. ప్రతి మూట నుంచీ ఒక వేరు తీసి, విరిచి, వాసన చూసి, నమిలాడు. పూర్తి ధర ఇవ్వలేదు గానీ, సగానికి మించే ఇచ్చాడు. ఏడుగురివీ కొన్నాడు.

ఆ మొదటి రకం కాగితం మాత్రం ఆమె దగ్గరే ఉంది. పోయిన నెల ఇంకో కంపెనీ మనిషి, ఇంకో ఇస్త్రీ చొక్కా, ఇంకేదో వేరు పంట వేయమంటూ వచ్చాడు. సుంకమ్మ కాగితం తెచ్చి, ముందు ఇది చదవమంది. అతను గడగడా చదివి, "అబ్బ, ఎంత మంచి గడ్డ! ఎక్కడ పండించావవ్వా?" అన్నాడు.

"ఏట్లో. నీళ్లు ల్యాకపోయినా ఆడ బాగా పండుతాది. నీకూ ఒక గ్లాసు కలిపేదా?"