దయమ్మ అల్లిన నాలుగు వరసలు

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటా ముప్పావుకు దయమ్మ ఒక కళాఖండాన్ని బాగుచేయడం పూర్తిచేసింది.

దోహాలోని ఒక కళా ప్రదర్శనశాలలో ఆమె డ్యూటీ మూడో గదికి కాపలా. ఇవెట్ అనే నల్లజాతి కళాకారిణి, లండన్లోని తన అమ్మమ్మ ముందుగదిని తెచ్చి అక్కడ అచ్చంగా నిలబెట్టింది. ఆ అమ్మమ్మ జమైకా నుంచి వచ్చిన కొత్తలో, నల్లవాళ్ళకు గది ఇచ్చేది లేదని చాలామంది తలుపులు మూశారట. సొంత గది దొరికాక ఆవిడ కుర్చీకి, బల్లకు, రేడియోకి, ఆఖరికి టెలిఫోనుకి కూడా లేసు తొడిగింది. బంగారు అంచు కప్పులు అద్దాల బీరువాలో పెట్టి, పాస్టరుగారు వస్తే తప్ప తియ్యనివ్వలేదు.

ఇదంతా సూపర్‌వైజరు సాయిబాబు చెబితే దయమ్మ పెద్దగా ఆశ్చర్యపోలేదు. నరసాపురంలో వాళ్ళ పెద్దమ్మ ఇంట్లోనూ కప్పులది అదే కథ. ఆమె బాధ వేరే. వాలుకుర్చీ మీది లేసుకు అరచెయ్యంత మూల పూర్తికాలేదు. దారం ఉండ పక్కనే వేలాడుతోంది. ఎనిమిదో ఏట లేసు సూది పట్టిన మనిషి ఎదురుగా, రోజుకు ఎనిమిది గంటలు అలా వేలాడితే ఎలా? తొమ్మిది రోజులు బైబిల్లో యోబు భక్తుడిలా ఓర్చుకుంది. పదో రోజు భోజనాల వేళ గది ఖాళీ అయ్యాక, సంచిలోంచి సూది తీసి నాలుగు వరసలు అల్లేసింది. పని బాగా కుదిరింది కూడా.

గురువారం ఇవెట్ వచ్చి కుర్చీ ముందు ఆగిపోయింది. అమ్మమ్మ పోయిన రోజు అల్లిక ఎక్కడ ఆగిందో అక్కడే ఉంచిందట. ఆ దారమే గదికి ప్రాణమట. ఎవరూ అడగకముందే దయమ్మ తానేనని ఒప్పేసుకుంది. అల్ ముంతజా పేటలో ఐదుగురు పంచుకునే గదిలో తన మంచం, ఊళ్ళో కూతురు తెరెసా నర్సింగు చదువు, రెండూ కళ్ళముందు గిర్రున తిరిగాయి.

"సామాను సర్దుకోవాల్సి వస్తదేమోనండీ దయమ్మగారూ," అన్నాడు సాయిబాబు గొంతు తగ్గించి. "మనల్ని కాపలాకి పెట్టిన కంపెనీకి నేనేం చెప్పేది?"

ఇవెట్ మాత్రం, విప్పగలవా అని అడిగింది. దయమ్మ విప్పింది. విప్పాక ఉండలోంచి ఇంకో మూరెడు దారం లాగి వెలుతురుకు పట్టుకుంది. తాను ముట్టని ఆ దారం కూడా, ఇప్పుడు విప్పినదానిలాగే, సన్నటి మెలికలు తిరిగి ఉంది.

"మీ అమ్మమ్మగారు ఇక్కడ ఆపలేదమ్మా. అల్లిందే నచ్చక విప్పేసుకున్నారు," అంది. ఇంగ్లీషు చాలని చోట సాయిబాబు పూరించాడు.

ఇవెట్ కాసేపు ఆ మెలికల్నే చూసి, తర్వాత కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. స్కూలు స్వెట్టరు మూడుసార్లు అల్లి మూడుసార్లు విప్పేసి, చలికాలమంతా తనను వణికించిన మనిషేనట అమ్మమ్మ. ప్రదర్శన అయ్యేదాకా రోజూ మధ్యాహ్నం రెండు గంటలు ఆ కుర్చీలోనే కూర్చుని, అదే మూల అల్లి విప్పుతూ ఉండమని దయమ్మను అడిగింది. కంపెనీతో తానే మాట్లాడింది.

శనివారానికల్లా మూడో గదిలో జనం పెరిగారు. సాయిబాబుకు మాత్రం మనిషి తక్కువైంది.

"మీరిట్టా దర్జాగా కుర్చీలో కూర్చుంటే, గదికి కాపలా ఎవరండీ?" అని నిలదీశాడు.

దయమ్మ సూది ఆపలేదు. "ఇంటావిడ ఎదురుగా కూర్చునుంటే, వచ్చినోళ్ళు సామాన్ల మీద చెయ్యేస్తారేంటండీ?"