మా డాక్టరు పెద్దమ్మ కారు అమ్మిన రోజు

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా... ఒక ఆదివారం చర్చి అయ్యాక కంకిపాడు నుంచి బస్సెక్కి బెజవాడ వచ్చాం. మొగల్రాజపురంలో మా పెద్దమ్మ ఇంటి ముందు జనం మూగి ఉన్నారు. ఎవరికేమైందోనని అమ్మ రిక్షాలోంచి గబగబా దిగింది. చూస్తే... నల్లగా నిగనిగలాడుతూ పెద్ద జర్మనీ కారు!

పెద్దమ్మ అంటే మా అమ్మకి సొంత అక్క. ఆడవాళ్ల డాక్టరు. పెళ్లి చేసుకోలేదు. కైకలూరు వైపు రొయ్యల వ్యాపారి ఒకాయన ముచ్చటపడి తెప్పించుకున్న కారది. చెరువులకి తెగులొచ్చి ఆయన అమ్మకానికి పెడితే ఈవిడ కొనేసింది.

"ఒంటిమనిషివి, ఇంత కారెందుకే అక్కా?" అంది అమ్మ.

"నచ్చిందే" అంది పెద్దమ్మ. అంతే.

డ్రైవర్ని పెట్టుకోలేదు. ఆటోనగర్ మెకానిక్ దగ్గర నిలబడి ఇంజను గురించి అన్నీ అడిగి నేర్చుకుంది. తన పేషెంట్లకి రాసినట్టే కారుకీ ఒక కేస్ షీట్ రాసేది... తేదీ, బాధ ఏమిటి, ఏం వైద్యం చేశారు, ఇప్పుడెలా ఉంది. మేం చదివి పడీపడీ నవ్వేవాళ్లం. "స్టార్టింగులో దగ్గు. రెండు రోజులుగా" అని ఉండేది ఒక పేజీలో.

ఆ కారు విలువ నాకు తెలిసొచ్చింది మాత్రం పదో తరగతి పరీక్షలప్పుడు...

సెంటర్ బెజవాడలో పడిందని పెద్దమ్మ ఇంట్లో ఉండి రాస్తున్నాను. మధ్యలో ఆదివారం మా ఊరెళ్లి సాయంత్రానికి వచ్చేశాను. సోమవారం లెక్కల పేపరు. పొద్దున ఎనిమిదింపావుకి చూసుకుంటే హాల్ టికెట్ లేదు! ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ, "టీవీ మీదే ఉందే!" అని ఒకటే కంగారు. నాన్న అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. పరీక్ష తొమ్మిదిన్నరకి. నాకు ఏడుపు ఆగలేదు.

పెద్దమ్మ ఫోన్ అందుకుంది. "నువ్వు దాన్ని పట్టుకుని రోడ్డు మీదకొచ్చి నిలబడు" అని పెట్టేసింది. "ఏడుపు తర్వాత... ముందు కారెక్కు" అంది నాతో.

పోరంకి దాటాక తొక్కింది చూడండి... వీపు సీటుకి అతుక్కుపోయింది. ఫ్యాక్టరీకి వెళ్లే చెరుకు బళ్లు అడ్డొస్తే మాత్రం ఎద్దులు బెదరకుండా, హారన్ కూడా కొట్టకుండా మెల్లగా దాటించేది. దాటగానే మళ్లీ ఆ చప్పుడు... గర్జన కాదు, ఏదో నిండుగా, కడుపులోంచి వచ్చినట్టుండేది. ఎప్పుడాగిందో తెలీదు, నా ఏడుపు ఆగిపోయింది.

కంకిపాడు సెంటర్లో అమ్మ, చేతికి దోసెల పిండితోనే నిలబడి ఉంది. కిటికీలోంచి హాల్ టికెట్ ఇస్తూ, "నెమ్మదిగా వెళ్లవే అక్కా!" అంది.

"నెమ్మదిగా వెళ్తే నీ కూతురు మళ్లీ సెప్టెంబర్‌లో రాయాలి!"

తొమ్మిదీ ఇరవైకి సెంటర్ గేటు దగ్గర దిగాను. ఆ పేపర్లో నాకొచ్చిన మార్కుల సంగతి ఇక్కడ అప్రస్తుతం...

ఇన్నేళ్లూ ఆ కారు అలాగే ఉంది. మొన్న వేసవి దాకా పెద్దమ్మే నడిపింది. ఒకరోజు బందరు రోడ్డు మీద పక్కనుంచి వచ్చిన స్కూటర్ ఆవిడకి కనపడలేదట. ఏమీ కాలేదు, వెంట్రుకవాసిలో తప్పింది. మర్నాడే వెళ్లి కళ్లు పరీక్ష చేయించుకుంది. పక్క చూపు తగ్గిందన్నారు. "ఇక చాలు, అమ్మేస్తాను" అంది.

నేను ఉంచుకుంటానన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది నాకు.

"నువ్వు దానికి కవరు కప్పి, నెలకోసారి ఫోటోలు పెడతావు. నడపవు. అది నిలబడటానికి పుట్టిన బండి కాదమ్మా" అంది. కోపమొచ్చింది... కానీ నిజమే. గేర్లు మార్చడమే బద్ధకమని ఆటోమేటిక్ కొనుక్కున్నదాన్ని నేను.

మొదట ఒకాయన వచ్చాడు. పెళ్లి షూటింగులకి అద్దెకిస్తాడట. పెద్దమ్మ కాఫీ ఇచ్చి పంపేసింది.

తర్వాత మంగళగిరి నుంచి చీరల షాపాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. స్టార్ట్ చేసి, కదలకుండా కూర్చున్నాడు. ఇంజను వేడెక్కేదాకా తల వంచి వింటూ ఉన్నాడు. పెద్దమ్మ నా వైపు చూసింది. ఆ చూపుతోనే బేరం అయిపోయిందని నాకర్థమైంది.

అయినా పక్కన కూర్చుని కంకిపాడు దాకా నడిపించింది. ఖాళీ రోడ్డు మీద ఆయన కాస్త వేగం పెంచితే కళ్లు మూసుకుని విన్నది. తిరిగొచ్చాక ఆయన, "ఇన్నేళ్లు ఇంత బాగా ఎలా ఉంచారండి మేడమ్?" అన్నాడు.

"వాడుతూ ఉంచానండీ" అంది.

కేస్ షీట్ల కట్ట చేతిలో పెట్టింది. ఆయన అక్కడే నిలబడి మొదటి పేజీ మొత్తం చదివి, నవ్వకుండా, "ఇక నేను రాస్తానండి" అన్నాడు.

కారు సందు మలుపు తిరిగింది. నేను కళ్లు తుడుచుకుంటుంటే పెద్దమ్మ, "ఆకలేస్తోందే, ఎక్కడికైనా తీసుకెళ్లు" అంది. నా కారులో పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. ఫ్లైఓవర్ మీద అందరూ మమ్మల్ని దాటిపోతున్నారు... ఆటోలు కూడా. కాసేపు ఓర్చుకుంది.

"ఏమే... వెనక సీట్లో నిండు గర్భిణిని గానీ కూర్చోబెట్టావా? కొంచెం తొక్కు!"

తొక్కాను.

ఇప్పుడు కంకిపాడు రోడ్డు ఎంతో వెడల్పయింది. కార్లు చప్పుడే లేకుండా పోతున్నాయి. కానీ ఇంజను చప్పుడు వినపడగానే "అదిగో, పెద్దమ్మ వచ్చేసింది!" అని మా ఇంట్లో పిల్లలు గేటు దగ్గరికి పరిగెత్తడం మాత్రం ఇక లేదు...

మీరూ అలా చప్పుడు విని గుర్తుపట్టిన బండి ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అందులోంచి ఎవరు దిగేవారో రాయండి... పెద్దమ్మకి చదివి వినిపిస్తాను.