దోన్యా బెలార్మినా చేతికి చిక్కిన చేమంతులు

దోన్యా బెలార్మినా కంటపడిన ఏ పువ్వూ ప్రాణాలు దక్కించుకోలేదు. రేకులు పీకాలి, కేసరాలు లెక్కపెట్టాలి, అండాశయం చీల్చి చూడాలి, ఏ మొక్కల కుటుంబానిదో తేల్చాలి. అంతవరకూ ఆవిడకి కాఫీ గొంతు దిగదు. మా సాంత రీతలో సగం ఊరికి వృక్షశాస్త్రం చెప్పిన టీచరమ్మ కనక ఎవరూ నోరెత్తేవారు కాదు. ఆవిడ వస్తోందంటే మాత్రం గబగబా కుండీలు లోపల పెట్టుకునేవారు. ఆవిడ పక్కిల్లే నా రొట్టెల కొట్టు. నా మందారాలు పడ్డ పాట్లు ఏం చెప్పను!

ఒకసారి నా కొట్టు ముందు మంగలి ఎవెలియో తను మనసుపడ్డ పిల్లకి కాగితంపూల గుత్తి ఇస్తున్నాడు.

"అవి పూలు కావే పిల్లా, రంగు పూసుకున్న ఆకులు! మధ్యలో తెల్లగా, బుల్లిగా ఉన్నాయే, అవీ పూలు," అంది దోన్యా బెలార్మినా.

"అంటే నాకు ఆకులిచ్చాడా?" ఆ పిల్ల గయ్యిమంది.

ఎవెలియో ఇప్పటికీ ఈవిడ ఎదురైతే వీధి మారిపోతాడు.

ఆఖరికి చర్చిని కూడా వదల్లేదు.

"ఫాదర్, మీరు దేవుడికి పెట్టింది లిల్లీ కాదు. చేమదుంపకి దగ్గర చుట్టం."

"దేవుడు ఏమీ అనుకోడులేమ్మా, ఆయనకి అన్నీ తెలుసు," అన్నాడు ఫాదర్.

"ఆయనకి తెలుసు. మీకే తెలీదు!"

ఇలాంటి మనిషిని మా ఊరి పిల్ల నుబియా పెళ్ళికి చర్చిలో ముందు వరసలో కూర్చోబెట్టారు. గంటలు మోగాయి, పాటలు అయ్యాయి, పెళ్ళికొడుకు ఫెర్నెయ్ జాడ మాత్రం లేదు. బయట కుండపోత వాన, ఫోన్లు పనిచెయ్యడం లేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. నుబియాని పెంచిన మేనమామ గిల్దార్దో చివాల్న లేచాడు.

"పదవే, పోదాం. మళ్ళీ వాడు మన గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతా!"

నుబియా తెల్లబోయిన మొహంతో, చేతిలో తెల్ల చేమంతుల గుత్తితో లేచి నిలబడింది.

"ఆగండి!" దోన్యా బెలార్మినా ఒక్క గెంతులో వెళ్ళి గుత్తి లాక్కుంది. "ఇదేం పువ్వు?"

"చేమంతి, టీచరమ్మా."

"ఎవరు తేల్చారు? కుటుంబం తేలేదాకా ఒక్కరూ కదలడానికి వీల్లేదు. గిల్దార్దో, చెయ్యి చాపు!"

ఆ ఆజానుబాహుడు బడిపిల్లాడిలా చెయ్యి చాపాడు. ఆవిడ గుత్తిలోంచి ఒకటి పీకి అందులో పెట్టింది.

"చేతిలో ఏముంది?"

"రేక..."

"మొద్దబ్బాయ్! అదే ఒక పువ్వురా. మధ్యలో పచ్చటి బొడ్డు ఉందే, అదంతా బుల్లి పూల గుంపు. మనం ఒక్క పువ్వనుకునేది ఒక ఊరు! ఏదీ, దీనికి కేసరాలున్నాయా?"

"లేవండీ."

"నా పచ్చదానికి ఉన్నాయోచ్!" వెనక బెంచీలోంచి ఎవరో అరిచారు.

ఇక చూడాలి! ప్రతి అరచేతిలోనూ ఒక పువ్వు. ఉన్న ఒక్క భూతద్దం కోసం తోపులాట. ఫాదర్ జారిపోయిన తన పువ్వు కోసం బల్ల కింద పాకుతున్నాడు. ఎవరైనా "ఇది చేమంతేనండీ" అంటే చాలు, "మళ్ళీ మొదట్నించి!" అని గద్దింపు. కాసేపటికి నుబియానే నవ్వుతూ అందరికీ పూలు పంచుతోంది.

ఇంతలో జీపు చప్పుడు. మెడదాకా బురదతో ఫెర్నెయ్ పరుగెత్తుకొచ్చాడు.

"కొండచరియ విరిగిపడిందండీ! దారి తవ్వుకుంటూ వచ్చాం..."

"ఉష్! లెక్క తప్పుతోంది," అన్నాడు గిల్దార్దో తలెత్తకుండా.

పెళ్ళికూతురు ఒట్టి కాడలు పట్టుకుని పెళ్ళి చేసుకుంది.

విందులో నేను ఆవిడ పక్కన చేరాను. "టీచరమ్మా, బడిలో మీరు మాకు చెప్పిన మొదటి పాఠమే చేమంతి. అంతసేపు గుర్తుపట్టలేకపోయారా?"

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"గుర్తుపట్టకేమే! జీపు చప్పుడు వినిపించేదాకా గుర్తుపట్టకూడదనుకున్నాను. నోరు మూసుకుని కేకు తిను. ఊళ్ళో తెలిసిందో, నా పరువు పోతుంది!"