నక్క బంగళాలో కరివేపాకు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు చిన్నప్పట్నుంచీ ఒళ్లు మంట. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. కొబ్బరి తోటలో తెల్లచీర కనపడిందని పిల్లలు ఏడుస్తూ వస్తే, చెయ్యి పట్టుకుని అక్కడికే లాక్కెళ్లి, ఆరేసిన గుడ్డను చూపించి, నాలుగు తిట్టి మరీ వెనక్కి తెచ్చేదాన్ని. ఇది చదివి ముసలిదానికి మతి పోయిందనుకునేవాళ్లు అనుకోండి, నాకేం. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది మలయాలో బాగన్ దాతుక్ దగ్గర ఒక కొబ్బరి ఎస్టేటు. మా లైన్లకు, అంటే కూలీల ఇళ్ల వరసలకు, మైలు దూరంలో రోడ్డు పక్కన ఒక తెల్లదొర పబ్బు కట్టించుకున్నాడు. ఇంగ్లండులో వాళ్ల పల్లెలో ఉండేదానికి అచ్చు దించాడట. నెత్తికి తగిలేంత కిందగా నల్లటి దూలాలు, గోడలో ఇటుకల చలిపొయ్యి. మా ఎండల్లో ఎవడు చలి కాగుతాడో ఆ దొరకే తెలియాలి. పీపాలో ఏల్ అనే చేదు బీరు, సీసాల్లో సైడర్ అనే ఆపిల్ కల్లు. గుమ్మం ముందు నక్క బొమ్మ వేసిన పలక వేలాడేది కాబట్టి మావాళ్లు దాన్ని నక్క బంగళా అనేవారు.

మా నాన్న అక్కడ పద్దెనిమిదేళ్లు వంటవాడు. వెనక తలుపులోంచి వెళ్లి వెనక తలుపులోంచి రావడమే. ముందు గదిలో కుర్చీ మీద ఒక్కసారి కూర్చుని ఎరగడు. ఆయన చేసే మటన్ పై కోసం తోట దొరలు ఎక్కడెక్కణ్ణుంచో వచ్చేవారు. మాంసాన్ని ఏల్‌లో ఉడికించి, పైన మైదాపిండి మూత వేసి కాల్చే వంటకం అది. కారం ఉండదు, మిరియాలే. నాకది చప్పగా ఉండేది. అందుకని శనివారాలు మిగిలిన పిండితో చిన్న గిన్నెలో నాకోసం వేరే చేసేవాడు. అందులో పచ్చిమిరపకాయలు చీల్చి వేసేవాడు, గుప్పెడు కరివేపాకు, సన్నగా తరిగిన కొబ్బరి ముక్కలు. ఒక శనివారం దొర వంటింట్లోకి వచ్చి ఆ గిన్నెలోంచి ఇంత నోట్లో వేసుకున్నాడట. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే నవ్వి, "ఇది మీ అమ్మాయికేగా, ప్రతి వారం పట్టుకెళ్లు" అన్నాడట. ఆ రాత్రి నాన్న ఆ ముచ్చట ఎంత సంబరంగా చెప్పాడో!

అవి తెల్లవాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్డంతా పోలీసులు. అడవిలోవాళ్లకు తిండి చేరకూడదని మా వైపు రోడ్డు మీద అన్నం పొట్లం కూడా మోసుకెళ్లనిచ్చేవారు కాదు. పాసు కావాలి. దొరే చెప్పాడు కదా, ఇంకా పాసెందుకని మా నాన్న ధీమా. పెద్దవాళ్ల నోటిమాటను కాగితంకన్నా గట్టిదనుకునే మనుషులు మావాళ్లు. మా నాన్న చేసిన తప్పంతా అదే. ఒక శనివారం కాపలావాళ్లు ఆయన్ను ఆపి, గిన్నె పట్టుకున్నారు. దొరను అడిగితే, "నేనలా చెప్పినట్టు గుర్తులేదు" అన్నాడు. రూలు తప్పానని తనమీదికి వస్తుందని భయం.

ఏడు నెలలు లోపలేశారు. దగ్గుతో తిరిగొచ్చాడు. పని పోయింది. అడివోళ్లకు కూడు పెట్టినవాడని లైన్లలో పేరు పడింది. మా గుమ్మం తొక్కితే తమకూ చుట్టుకుంటుందని అందరూ మానేశారు. మా అమ్మా ఎవరి గుమ్మం తొక్కలేదు. మెర్దెకా, అంటే మలయాకు స్వతంత్రం, రావడానికి ఏడాది ముందు నాన్న పోతే, మొయ్యడానికి నలుగుర్ని పిలవలేక నా ప్రాణం పోయింది. ఆ గిన్నెలో తిండి నాది. తిన్నదాన్ని నేను. ఆ సంగతి నన్ను ఒక్క పూట కూడా నిద్రపోనివ్వలేదు.

మెర్దెకా వచ్చిన మరుసటి ఏడాది నాకు బడిలో ఉద్యోగం దొరికింది. అప్పటికి ఇరవై ఏళ్లు. మొదట చేయాల్సిన పని ఏమిటో నాకు తెలుసు. నక్క బంగళాకి ముందు తలుపులోంచి వెళ్లాలి, కుర్చీ మీద కూర్చోవాలి, ఆ మటన్ పై తెప్పించుకుని తినాలి. నాన్నకి తనే చెప్పి పంపానని ఆ దొర నోటితోనే నలుగురిలో అనిపించాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మను లేవదీశాను.

"ఒలే, మనల్ని రానిత్తారేటి?" అంది అమ్మ.

"మెర్దెకా ఒచ్చినాది కదా లా! రానియ్యకపోతే అప్పుడు సూద్దాం, నడు."

రానిచ్చారు. నక్క బొమ్మ కింద నుంచి మేం లోపలికి అడుగు పెట్టేసరికి అయిదుగురు తోట దొరలు మాటలాపి చూశారు. బల్ల వెనక ఉన్న దొర నన్ను గుర్తుపట్టాడు, మొహం చూస్తేనే తెలిసింది. నేను గది మధ్య బల్ల దగ్గరే కూర్చున్నాను. నాకు ఏల్, అమ్మకు సైడర్, ఇద్దరికీ మటన్ పై అన్నాను.

గ్లాసులు వచ్చాయి. మావాళ్లలో కల్లు ముంత పట్టుకుంటే ముందు మూడు చుక్కలు నేలమీద చల్లుతారు, పోయినవాళ్లకని. అమ్మకు అది ఊపిరి తీసినంత అలవాటు. సైడర్‌లో వేళ్లు ముంచి, మెరుగు పెట్టిన ఆ చెక్క నేలమీద చల్లింది. "ముందల నువ్వు తాగు. మేం తరవాత తాగుతాం" అంది, నాన్న ఎదురుగా కూర్చున్నట్టే. దొరలు పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. వంటవాడు హైనాన్ నుంచి వచ్చిన చీనావాడు, నాన్న తరవాత చేరినవాడు. తెల్ల పింగాణీ పళ్లెంలో ఒకటే పెద్ద పై తెచ్చి, బల్ల మీద అందరి ముందూ కోశాడు. ఏడు ముక్కలు. అయిదు దొరలకు వడ్డించాడు. వాళ్లు తింటున్నారు, ఏమీ అనలేదు. మిగిలిన రెండూ అదే పళ్లెంలోంచి, అదే గరిటెతో మాకు పెట్టాడు. పళ్లెం వంటింట్లోకి తిరిగి వెళ్లలేదు. మాకూ దానికీ మధ్య రెండు బారల దూరం. నేను రెప్ప వెయ్యకుండా చూశాను, వాడు మాకు మాడినదేమైనా అంటగడతాడేమోనని.

అమ్మ పిండి మూత విరిచింది. ఆవిరి వచ్చింది. ఆవిరితో పాటు కరివేపాకు వాసన.

నా ముక్క కూడా విరిచాను. చీల్చిన పచ్చిమిరపకాయలు, మెత్తగా ఉడికిన కరివేపాకు రెబ్బలు, సన్నటి కొబ్బరి ముక్కలు. నోట్లో పెట్టుకుంటే నాలుక కాలింది. దొరల ముక్కల్లో ఆవిరే లేదు.

"ఓలమ్మో! మీ అయ్య సేతిదే" అంది అమ్మ. ఏడవలేదు. తినసాగింది.

నాకు భయం వెయ్యాలి కదా. వెయ్యలేదు, కోపం వచ్చింది. నా పళ్లెం పట్టుకెళ్లి దొర ముందు ఠప్పున పెట్టాను. "ఇది తినండి. తిని, ఇదివరకు ఎక్కడ తిన్నారో చెప్పండి" అన్నాను ఇంగ్లీషులో. తినడనుకున్నాను. తిన్నాడు. కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. ఫోర్కు కింద పెట్టి బల్ల అంచు పట్టుకున్నాడు. ఏమైందని ఒక తోట దొర అడిగాడు.

"పోలీసులు అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను" అన్నాడు, గది మొత్తానికి వినపడేలా. "అతను ఎవరికీ తిండి చేరవెయ్యలేదు. తన కూతురికి పట్టుకెళ్లాడు. పట్టుకెళ్లమన్నది నేనే."

ఎవరూ నవ్వలేదు. ఆయన ఏమన్నాడని అమ్మ అడిగితే చెప్పాను. అమ్మ తలెత్తి ఆయన వైపు చూసింది.

"అయిదేళ్ల కితం ఈ నోరేటయినాదో అడుగు."

మాట పొల్లు పోకుండా అడిగాను. అమ్మ తన ముక్క ఆఖరి రెబ్బ దాకా తిని, చెయ్యి కడుక్కుని లేచింది.

నేను మాత్రం వంటింట్లోకి వెళ్లి చూశాను. నా బుద్ధే అంత. ఉల్లిపాయలు, మిరియాలు, ఉప్పు, గోధుమరంగు సాసు సీసా. ఒక్క మిరపకాయ లేదు, కరివేపాకు రెమ్మ లేదు. పళ్లెంలో మిగిలిన గ్రేవీ నాకి చూశాను. ఏల్ చేదు, మిరియాలు, అంతే. వంటవాడికి ఆ ఆకు చూపిస్తే చేతులు ఊపేశాడు. "బుకాన్ సాయా, బుకాన్ సాయా" అన్నాడు, నేను కాదు, నేను కాదని.

ఈ సంగతి చెప్తే మా మరిది, అమ్మే కొంగులో ఆకు దాచి తెచ్చి ఉంటుందన్నాడు. మూత వేసి కాల్చిన పిండి లోపలికి ఎలా పెట్టిందయ్యా అన్నాను. వంటవాడి పనే అన్నారు ఇంకొకరు. నాన్న వంట రుచి వాడికి చెప్పేవాళ్లెవరు? నాకోసం చేసేది ఎరిగినవాళ్లం నలుగురమే. మేం ముగ్గురం, ఆ దొర. ఇన్నేళ్లుగా అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను. నా లెక్క తేలలేదు. తేలలేదని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఆ సాయంత్రం అమ్మ ఇంటికి పోలేదు. లైన్ల నడిమి దారిన, మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి, ప్రతి గుమ్మం ముందూ నిలబడింది. కరివేపాకు మాట ఎత్తనేలేదు. "మా ఆయన్ని దొరే సెప్పి పంపినాడట. అయిదుగురు దొరల ముందల ఒప్పుకున్నాడు. మీరూ ఇనండి" అని చెప్పి, వాళ్లు తలూపేదాకా కదల్లేదు. నాన్నను అందరికన్నా ఎక్కువ ఆడిపోసుకున్న సన్నాసమ్మ తలుపు వేసుకుంది. అమ్మ ఆ మెట్టు మీదే కూర్చుంది. చీకటి పడేవేళకు సన్నాసమ్మ తలుపు తీసి, "ఇన్నానమ్మా, లోపలికి రా" అంది.

"నాను రాను. నువ్వే మా ఇంటికి రా" అని అమ్మ లేచి వచ్చేసింది.