తీపి మానేసిన మనిషితో సికింద్రాబాద్‌లో ఒక రోజు

మా ఆయన తీపి మానేసి మూడు నెలలైంది. షుగర్ అంచుల్లో ఉంది, ఇప్పుడే తగ్గించుకుంటే మందుల దాకా పోదని డాక్టరు చెప్పిన రోజే టీలో చక్కెర, సాయంత్రం కూల్‌డ్రింకు, భోజనం చివర మిఠాయి అన్నీ ఒక్కసారిగా ఆపేశారు. నాకేమో పుట్టుకతోనే తీపి పడదు. పెళ్లిభోజనాల్లో నా విస్తట్లో పడిన లడ్డూ చడీచప్పుడు లేకుండా ఆయన విస్తట్లోకి వెళ్లిపోయేది. అందుకే ఇదేం పెద్ద కష్టమా అనుకున్నాను. తీరా చూస్తే తీపితో పాటు ఆయన మాట కూడా తగ్గిపోయింది. తినడం, లేవడం, అంతే. ఆ మౌనం చూసి నాకు భయం వేసింది. ఒక ఆదివారం ఉన్నట్టుండి, "సికింద్రాబాద్ పోయొద్దామా? ఏం తినను. ఊరికే చూసొస్త," అన్నారు. అక్కడే పుట్టి పెరిగిన మనిషి. తినకుండా రాగలరా అని నాకు అనుమానం, కాదంటే ఇంకా ముడుచుకుపోతారని బెంగ. సరేనన్నాను.

మేముండే ఖమ్మంలో తెల్లవారకముందే రైలెక్కితే తొమ్మిదిన్నరకల్లా సికింద్రాబాద్‌లో దిగొచ్చు. దారి పొడవునా పొలాల మీద మంచు కదలకుండా పడుకుని ఉంది. నేను సగం నిద్రలో ఉన్నాను, ఆయన కిటికీకి తల ఆనించి ఉన్నారు. స్టేషన్ బయటికి రాగానే నేరుగా ఒక పాత ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లారు. కిటికీలోంచి వచ్చే ఎండలో టీ ఆవిరి మెల్లగా తిరుగుతోంది. ఒకటి చక్కెర లేకుండా ఇవ్వమని అడిగాను. "చక్కెర డికాషన్‌లనే పడ్డది మేడమ్, ఇప్పుడెట్ల తీస్త?" అని నవ్వాడు సర్వర్. చివరికి ఒక్క టీయే తెప్పించుకున్నాం, ఇరవై రూపాయలు. ఆయన కప్పును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వాసన చూసి, నా వైపు జరిపారు. నేను ఒక గుటక వేశాను.

"ఎట్లుంది?" అన్నారు ఆశగా.

"తియ్యగా ఉంది."

"తియ్యగున్నదంటే ఏం చెప్పినట్టు?" అని కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆయన ముఖం చిన్నబోయింది. పరీక్షలో తప్పినంత పనైంది నాకు.

అక్కడి నుంచి మౌలాలి గుట్టకు ఆటోలో వెళ్లాం. నూటయాభై అడిగాడు, బేరమాడకుండానే ఎక్కాం. లాలాగూడ దాటాక రోడ్డు పక్కన చెరుకు రసం బండి కనిపిస్తే ఆటోవాలా వేగం తగ్గించి, "తాగుతరా సార్? మస్తుంటది," అన్నాడు. "వద్దు భాయ్, పోనీ," అన్నారు మా ఆయన, తల మాత్రం వెనక్కి తిప్పి ఆ బండి కనుమరుగయ్యేదాకా చూస్తూనే. గుట్ట మెట్లు చాలానే ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎండ ముదరకముందే ఎక్కడం మంచిది. పైన దర్గా దగ్గర చల్లటి గాలి. కింద ఆయన చిన్నప్పటి రైల్వే క్వార్టర్లు, వాటి పక్క నుంచి శబ్దం లేకుండా పోతున్న రైళ్లు. అంత ఎత్తు నుంచి ఊరంతా కలలో చూసినట్టే ఉంది. ఒక పెద్దాయన వచ్చి ఇద్దరి చేతుల్లోనూ తెల్లటి చక్కెర బతాసాలు పెట్టాడు. "తీస్కో బిడ్డా, కాదనొద్దు," అన్నాడు.

మా ఆయన కళ్లకద్దుకుని, తన బతాసా నా చేతిలో పెట్టారు. నోట్లో వేసుకున్నాను. ఈసారి కొంచెం ఆగి, ఆలోచించి చెప్పాను. "కొరకబోయేలోపే కరిగిపోయిందండీ. తీపి కూడా ఎక్కువసేపు లేదు. నాలుక మీద చల్లగా ఏదో మిగిలింది." ఆయన తలూపారు. "గదే, కరెక్ట్," అన్నారు. దిగేటప్పుడు మెట్టుమెట్టుకూ చిన్నప్పటి కబుర్లు చెప్పారు.

మధ్యాహ్నం యాప్రాల్‌లో వాళ్లక్క ఇంట్లో భోజనం. తల్లి పోయాక ఆయన్ను పెంచింది ఆవిడే. పరేషాన్ అవుతుందని షుగర్ సంగతి ఆవిడకు చెప్పనేలేదట. అది నాకు గుమ్మంలో చెప్పారు, లోపల్నుంచి నెయ్యి వాసన వస్తుంటే. తమ్ముడొస్తున్నాడని వదిన భక్షాలు చేసింది. మా వైపు బొబ్బట్లంటాం. పెనం మీంచి తీసినవి తీసినట్టు పళ్లెంలో పెడితే ఆయన చేయి చాచలేదు.

"ఏందిరా సీనూ, నా చేతిది తినవా? ఏం కోపమొచ్చింది నా మీద?"

"కోపం కాదక్కా. షుగర్ అంచుకొచ్చింది. మానేసిన."

వదిన చేతిలోని అట్లకాడ పక్కన పెట్టేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నాకు ఫోన్‌ల సుత చెప్పలే," అంది. మళ్లీ తనే, "ఒక్క ముక్క తింటే ఏం గాదు తియ్. నీకోసమే చేసిన," అని బతిమాలింది. ఆయన చేయి పళ్లెం వైపు కదలడం నేను చూశాను. మూడు నెలల పట్టుదల ఆ ఒక్క మాటకు కరిగిపోతోంది.

పళ్లెం నా ముందుకు లాక్కున్నాను. "ఆయన వంతు నేను తింటాను వదినా."

"నువ్వా?" అంది వదిన నోరెళ్లబెట్టి. ఆ ఇంట్లో ఇన్నేళ్లలో నేను పాయసం గిన్నె ముట్టింది లేదు మరి.

మా ఆయన కుర్చీ నా వైపు తిప్పుకుని కళ్లు మూసుకున్నారు. "చెప్పు," అన్నారు.

ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. "అంచు కరకరలాడుతోంది. లోపల మెత్తగా ఉంది, బెల్లం కొంచెం మాడిన వాసన. నెయ్యి వేళ్లకు కారుతోంది. యాలకులున్నాయి. ఇంకేదో కూడా ఉందండీ, మింగాక గొంతులో వెచ్చగా తగులుతోంది."

"జాజికాయ," అన్నారు కళ్లు తెరవకుండానే. "అమ్మ ఏసేది."

"అవ్‌రా, గోరంత," అంది వదిన, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

ఆయన నవ్వారు. మూడు నెలల తర్వాత మొదటిసారి పెద్దగా, చిన్నపిల్లాడిలా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది, నోట్లో భక్షం ఉండగానే.

సాయంత్రం రైల్లో దీపాలు వెలిగాక, ఆయన నా భుజం మీద తల వాల్చి, "జాజికాయ సంగతి ఇంకోసారి చెప్పు," అన్నారు. చెప్పాను. తీపి నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ ఇన్నేళ్లూ నా విస్తట్లోంచి ఆయన విస్తట్లోకి వెళ్లిందేమిటో ఆ రోజే తెలిసింది. వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా: తీపి తగ్గించినవాళ్లతో వెళ్తుంటే భోజనానికి పిలిచిన ఇంటికి ముందే ఫోన్ చేసి చెప్పండి. చెప్పడం కుదరకపోతే, తీపంటే అస్సలు పడనివాళ్లను ఒకరిని వెంట తీసుకెళ్లండి.