గడప లేని ఫ్లాటు

నాలుగేండ్ల కిందట, నా ఉద్యోగంలో ఆఖరి వేసవి. అనంతపురం శివార్లలో సర్కారు అపార్ట్‌మెంట్లన్నీ నేనే కట్టించినాను. సరే, కట్టింది మేస్త్రీలు, కట్టించింది ఇంజనీర్లు. వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా టేపు పట్టుకుని తిరిగింది మాత్రం నేనే.

జీ ప్లస్ త్రీ అంటే కింద ఒక అంతస్తు, పైన మూడు. స్థలం సర్కారుది, ఖర్చులో చాలా భాగం సబ్సిడీ, మిగిలింది ఇంటావిడ పేరు మీద బ్యాంకు లోను. షరతులు రెండు: గడువులోగా చేరాల, డిజైన్ మార్చకూడదు. తప్పితే అలాట్‌మెంట్ రద్దయి, ఇల్లు వేరేవాళ్లకు పోతుంది.

గార్లదిన్నె నుంచి కూలికొచ్చి టౌన్లో బాడుగకుంటున్న లక్ష్మీదేవికి కింది అంతస్తులో ఇల్లొచ్చింది. మొగుడు నారాయణప్ప సెంట్రింగ్ పనిలో మిద్దె మీంచి పడి, చక్రాల కుర్చీలో తిరుగుతాడు, అందుకని. తాళంచెవి ఇయ్యబోతే ఆమె వాకిట్లోనే నిలబడిపోయింది.

"గడప యాడన్నా?"

"ఉండదమ్మా. కుర్చీ చక్రం పోవాల కదా, కింది ఇండ్లకు పెట్టలే."

"మరి శుక్రారం పసుపు దేనికి పూసేది? నీ మొగానికా?"

నారాయణప్ప పకపకా నవ్వినాడు. ఆమె నవ్వలేదు.

"గడప లేనింట్లో నేను పాలు పొంగియ్యను," అని ఎళ్లిపోయింది. గడువు సోమవారం.

పెద్ద ఇంజనీరు టేబుల్ మీద గుద్ది పోట్లాడినాను. అబద్ధమెందుకు, తలుపు దగ్గర నిలబడి నసిగినాను. "గడప లేపితే డిజైన్ మారినట్టే," అన్నాడాయన.

అప్పుడు నాకొక ఉపాయం మెరిసింది. కాదులెండి, మెరిసింది నారాయణప్పకు.

"ఏమప్పా, గడప పైకే ఉండాల్నా? నేల్లోకి దించితే కాదా?"

తాడిపత్రి బండను వాకిలి వెడల్పుకు కోయించి, నేల తవ్వి, గచ్చుకు సమంగా పరిచినాము. ఇంజనీరు మట్టం పెట్టి చూసి, ఎత్తు లేదని ఒప్పుకున్నాడు. గడువుకు ముందురోజు చూడొచ్చిన లక్ష్మీదేవి ఇంకా గొణుగుతానే ఉండాది.

"దాటేటప్పుడు కాలెత్తాల కదా!"

"నువ్వెత్తు," అన్నాడు నారాయణప్ప. "నాకెట్లా ఆ పని లేదు."

ఆమె కూర్చుని బండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టింది. అది ఆరకముందే ఆయన కుర్చీ తోసుకుంటా లోపలికి పోయినాడు. గచ్చు మీద వంటింటి దాకా రెండు పచ్చటి చారలు. "ఆత్రగాడా!" అని తిట్టింది గానీ తుడవలేదు.

వాకిలంటే ఎత్తు, వెడల్పే అనుకునేవాణ్ణి. ఆ తర్వాత మాత్రం, రిటైరయ్యేదాకా, తాళంచెవి ఇచ్చే ముందు ఇంటావిడను వాకిట్లో నిలబెట్టి, ఇంకేం కావాలమ్మా అని అడగడం నేర్చుకున్నాను. ఆ రోజు ఏ ఎత్తూ లేని ఆ బండను లక్ష్మీదేవి చీర కుచ్చిళ్లు పట్టుకుని, కాలెత్తి దాటింది మరి.