నేను మర్యాదలు దిద్దిన నవల

గుంటూరులో ఎమ్మే ఇంగ్లీషు చదివే ఆ రోజుల్లో, లావుపాటి పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగితే చాలు, అది అర్థమైపోయినట్టేనని నాకో నమ్మకం ఉండేది (ఇప్పుడా నమ్మకం నా విద్యార్థులకుంది). అలాంటి నాకు సెమినార్ కోసం ఓ పాత అమెరికన్ నవల అప్పగించారు. బానిసత్వం నాటి కథ. యజమాని దగ్గర్నుంచి పారిపోయిన ఓ నల్లజాతి మనిషిని అందులో పేజీపేజీకీ ఓ నీచమైన తిట్టుతో పిలుస్తారు. ఆ మాట ఉన్న పుస్తకాన్ని పిల్లల చేత చదివించవచ్చా అని అక్కడ ఇప్పటికీ తగువే. నేను మాట్లాడాల్సిందీ దాని గురించే.

సెలవులకి ఊరెళ్తే, అమ్మమ్మా మరో నలుగురు ఆడవాళ్ళూ కల్లంలో మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. నేనూ పక్కనే కూర్చుని ఆ నవల తీశాను. "నీలో నువ్వే చదువుకుంటావేందే? మాకూ చెప్పు" అంది అమ్మమ్మ. సరేనని తెలుగులో మొదలుపెట్టాను. తిట్టు వచ్చినచోటల్లా నోరు రాలేదు. దానికి సరిపడే తెలుగు మాటలంటే, మా పేటవాళ్ళని ఊళ్ళో కులం పెట్టి పిలిచినవే. అవి వీళ్ళ ముందు అనడమా! అందుకని "ఆయన", "పెద్దాయన" అని దిద్దుకుంటూ పోయాను. మిరప ఘాటుకి నా కళ్ళు కారుతుంటే కథకే ఏడుస్తున్నాననుకుంది ఆ నలుగురిలోని తుమ్ముల పిన్ని (మిరప కోతల కాలమంతా తుమ్మేది పాపం).

"ఊరుకోవే! అంత మర్యాదగా చూసుకుంటుంటే ఆయనెందుకు పారిపోయాడు? కొవ్వెక్కా?"

అందరూ గొల్లుమన్నారు. నా మొహం ఎర్రబడింది. "ఆ మర్యాద వాళ్ళది కాదు పిన్నీ, నాది" అని ఒప్పుకుని, గొంతు తగ్గించి అసలు మాట చెప్పాను. మన దగ్గర దానికి సరితూగేదీ చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి.

అమ్మమ్మ ఓ తాలు కాయ అవతల పారేసింది. "నన్నూ అట్టాగే పిలిచారు. అన్నోళ్ళకి లేని సిగ్గు నీకెందుకే? మొదట్నుంచీ సరిగ్గా చెప్పు."

చెప్పాను. ఆ మనిషి దొరికిపోతాడేమోనన్న చోట పిన్ని ముక్కు పట్టుకుని తుమ్ము ఆపుకుంది.

సెమినార్ రోజున, గైడ్లు చూసి రాసుకున్న కాగితాలు పక్కనపెట్టి ఇదంతా చెప్పాను. "మీ అమ్మమ్మగారు ఏం చదివారమ్మా?" అని అడిగారు మా మేడమ్. "వేలిముద్రండీ" అన్నాను. క్లాసు నవ్వింది గానీ ఆవిడ నవ్వలేదు. అందరికన్నా ఎక్కువ మార్కులు నాకే వేశారు.

ఇంటికెళ్ళి గొప్పగా చెబితే, "అందులో నాకెన్నే?" అంది అమ్మమ్మ.

"సగం నీవేలే" అన్నాను, ఎంతో పెద్ద మనసున్నదానిలా. ఆనాటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. సగమేనట!